ఏడు నీళ్లు కడిగిన సాల్మన్

సౌమ్య నోటికి భయమన్నది తెల్వదు. ఆమెతోని పనిజేసే నర్సుల్ల ఎవ్వరినన్నా అడుగుండ్రి, ఇదే మాట చెప్తరు. సూదిని చూసి గోడకు జరిగిన హెడ్ కానిస్టేబుల్‌ను దబాయించి కూసోబెట్టింది. వరుసగ నాలుగు నైట్ డ్యూటీలు రాసిన ఇన్‌చార్జిని పదిమందిల నిలదీసింది. జపాన్ల ముసలోళ్లను చూసుకునే కొలువుకు సెలెక్టయినంక, హనుమకొండల ఆ భాష నేర్పే సారు ఒకనాడు "ఆడ పచ్చి చేప తింటరమ్మా, నీతోని అయితదా?" అని అడిగిండు. "పచ్చి చేపనేంది సార్, పచ్చి పాము పెట్టినా తింట" అన్నది. క్లాసంత నవ్వింది. ఆ మాట ఎంత ధీమాగ అన్నదంటే సారు సుత నమ్మిండు.

నమ్మంది ఒక్క చిలుకమ్మనే.

చిలుకమ్మ సౌమ్యకు నాయినమ్మ. తొర్రూరు అవతల ఊరు, నాలుగెకరాల పత్తి, ఎకరంనర వరి, రెండు బర్లు. డెబ్బై దాటినా ఆ ఇంట్ల ఆమె చెవిన పడకుంట ఏ పనీ కాదు. కొడుకు ఉప్పలయ్య విత్తనం మార్చాల్నన్నా, కోడలు నిర్మల పుట్టింటికి పోవాల్నన్నా ముందు ఆమెకు చెప్పాలె. ఒర్రేది లేదు, కొట్లాడేది లేదు. "చూడు మరి, నీ ఇష్టం" అంటది, అంతే. ఆ మాట అన్నదంటే ఇగ ఆ పని ఎవ్వరు చెయ్యరు.

సౌమ్యను జపాన్‌కు తోలే కంపెనీ వాళ్లు ఒక కాయితం అడిగిండ్రు. పిల్లను పంపనీకె ఇంటోళ్లకు సమ్మతమే అని తండ్రి సంతకం పెట్టియ్యాలె. సోమారంనాడు అది చేతిల పెట్టకుంటే ఆ జాగ ఇంకొకలకు పోతది. ఉప్పలయ్య ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి అంగి జేబుల వేసుకున్నడు, పన్నెండు దినాలు చేను చుట్టు తిరిగిండు. సంతకం పెట్టు నాయినా అని సౌమ్య ఫోన్ చేసినప్పుడల్ల, నాయినమ్మను అడుగు బిడ్డా అని ఫోన్ పక్కకిచ్చేటోడు.

నాయినమ్మకు దూరమని ఫికర్ లేదు. చలి అని లేదు, భూకంపాలని లేదు. ఆమెకున్న అడ్డం ఒక్కటే, తిండి. ఎందుకంటే ఆమె ఒక దసరాను ఇంకా మర్చిపోలేదు.

సౌమ్య ఏడో తరగతిల హాస్టల్ల చేరింది. ఐతారం ఐతారం ఫోన్ చేసి "మంచిగున్నది నాయినమ్మా, మంచిగ తింటాన" అనేది. గొంతుల ఇసుమంత తేడా ఉండేది కాదు. దసరా సెలవులకు బస్సు దిగిన పిల్లను చూస్తే చిలుకమ్మ గుండె జారిపోయింది. లంగా నడుము మీద ఆగక పిన్నీసు పెట్టుకున్నది. చేతులు పుల్లలైనయి. హాస్టల్ తిండిల తప్పేం లేదు, మిగిలిన పిల్లలందరు శుభ్రంగ తింటనే ఉన్నరు. ఇంటి మీది బెంగతోని ఈ పిల్లకు ముద్ద దిగలేదు. దిగుతలేదని చెప్పుకోనీకె నామోషీ. చిలుకమ్మ ఆ పిల్లను మల్ల హాస్టల్‌కు తోలలేదు. నాలుగు నెలలు ఒళ్లె కూసోబెట్టుకుని పచ్చిపులుసు బువ్వ తినిపించింది. అప్పటిసంది సౌమ్య "మంచిగున్నది" అంటే చాలు, ఆమె కండ్లు పిల్ల నడుము దిక్కు పోతయి.

అందుకే షరతు పెట్టింది. "ఆ దేశపోళ్ల తిండి నా కండ్ల ముందర వండు, నా కండ్ల ముందర తిను. మొఖం ముడిసినవా, ఇగ ఆ ముచ్చట మల్ల ఎత్తద్దు."

ఓస్, ఇంతేనా అన్నది సౌమ్య. ఐతారం హనుమకొండల తన రూముకు రమ్మన్నది.

చిరాషి సుషి చేద్దామని ఆమెనే ఎంచుకున్నది. సుషి అంటే అందరికి తెలిసినట్టు చుట్టలు చుట్టాలె, దానికి చెయ్యి తిరగాలె. చిరాషికి అదేం లేదు. పుల్లటి బువ్వ పరిచి, మీద చేప ముక్కలు, కోడిగుడ్డు అట్టు తునకలు, కీరదోస, నువ్వులు చల్లుడే. జపానోళ్లు సుత పండుగలకు ఇండ్లల్ల చేసుకుంటరు. హైదరాబాదుల ఉండే మేనత్త కొడుకు సాయితేజకు ఫోన్ కొట్టి, పచ్చిగ తినేటందుకే తయారుజేసిన సాల్మన్, బియ్యంతోని చేసిన సిర్కా, అదే వెనిగర్, సోయా సాస్ పంపమన్నది. శుక్రారంనాడు బస్సు పార్సిల్ల థర్మాకోల్ డబ్బా దిగింది. ఐసు నడుమ రెండు ప్యాకెట్లు, నారింజ రంగు ముక్కలు, గాలి తీసి సీలు వేసినవి. సౌమ్య ఉండే నయీంనగర్ రూముల ఫ్రిజ్ లేదు. కింద ఉండే ఇంటామె వినోదక్క ఫ్రిజ్‌ల పెట్టించింది.

రెండు ప్యాకెట్లు ఎందుకంటే, ఒకటి శనివారం తిని చూసుకోనీకె, ఒకటి ఐతారానికి. శనివారం డ్యూటీ దిగి వచ్చింది, కింది మెట్టు దాక పోయింది, మల్ల పైకి వచ్చింది. రూముల తోడుండే పద్మలత, ఏమైందే అని అడిగితె, తినుడుకు సుత రిహార్సల్ ఏందని దబాయించింది. అసలు ముచ్చట మనం చెప్పుకుందాం. సౌమ్య పుట్టి బుద్ధెరిగినంక పచ్చి చేప నోట్ల పెట్టలేదు. సారుతోని పాము దాక పోయింది గని, చేప కాడికి ఇంకా రాలేదు.

ఐతారం పొద్దుగాల ఒక ప్యాకెట్ పైకి తెచ్చి ఐసు గిన్నెల పెట్టింది. పదకొండుకు వస్తమన్న తండ్రి, నాయినమ్మ తొమ్మిదిన్నరకే దిగిండ్రు. చిలుకమ్మ చేతిల ఒక సంచి. అండ్ల చిట్టిముత్యాల బియ్యం, నెల కిందట కోసి పట్టించినవి. సౌమ్యనే అడిగి తెప్పించుకున్నది. కొత్త బియ్యం వండితె ముద్దముద్ద అయితదని, కడుపుల మందమైతదని ఆ ఇంట్ల ఏడాది మాగనిదే ముట్టరు. గని ఈ వంటకు పొట్టి గింజ కావాలె, ఒకదానికొకటి అతుక్కోవాలె. గట్లాంటి బియ్యం మన చేన్లనే పండంగ జపాన్‌ది కొనుడెందుకని సౌమ్య లెక్క. ఈ మాట విని ఉప్పలయ్య మస్తు కుషీ అయిండు.

బియ్యం నానబోసినంక యాదికొచ్చింది, కీరదోస తేలేదు, గుడ్లు తేలేదు. తండ్రిని తోలుకుని కిందికి దిగింది. దిగెటప్పుడు నాయినమ్మతోని, ఏం పని చెయ్యకు, జర ఒరుగు అని చెప్పింది. ఇంత నోరున్న పిల్ల, చేప ముట్టకు అని ఒక్క మాట చెప్పలేదు. చిలుకమ్మను పని చెయ్యకు అనుడంటే చెయ్యి అని పిలిచి చెప్పినట్టే.

చౌరస్తాల ఉప్పలయ్యకు చాయ్ తాగబుద్ధయింది. ఊరాయన ఒకాయన కలిసి పత్తి ధర ముచ్చట పెట్టిండు. గంటన్నర గడిచింది. వచ్చి చూస్తే చిలుకమ్మ డాబా మీద నల్లా కాడ కూసున్నది, చీర కుచ్చిళ్లు పైకి దోపి, ఎండల. ముందర గిన్నె. గిన్నెల చేప, పసుప్పచ్చగ.

పాపం, ఆమెకేం తెల్సు. చేపకు పొలుసు లేదు, ముల్లు లేదు, తల లేదు. ఎప్పుడు పట్టిండ్రో తెల్వదు. పైకెల్లి ఆ రంగు. రంగు పూసి అమ్మిండ్రు అనుకున్నది. గల్ల ఉప్పు, పసుపు పట్టించి రుద్దింది, నిమ్మకాయ పిండింది, ఏడు నీళ్లు పోసి కడిగింది. ఎంత కడిగినా ఆ రంగు పోలేదని ఆమెకు చిన్న బాధ ఉన్నది. నీచు వాసన మాత్రం ఇసుమంత లేదు సూడు బిడ్డా అని గిన్నె పైకెత్తి చూపించింది. మనుమరాలి పరీక్షకు తన చేతి సాయం కూడ అందినట్టు మొఖమంత వెలిగిపోతాంది.

సౌమ్యకు ముందు కోపం వచ్చింది, అది రెండు నిమిషాలల్ల పోయింది. ఆ ముసలామె తన కడుపు బాగుండాల్ననే గదా ఇంతసేపు ఎండల కూసున్నది. తర్వాత నర్సు బుద్ధి పనిజేసింది. నల్లా నీళ్లల్ల కడిగింది, గంటసేపు ఎండకు పెట్టింది, ఇది పచ్చిగ తినే చేప కాదు, వండాల్సిందే. ఆ వెనకనే ఇంకొక సంగతి తెలిసొచ్చింది. వండాల్సిందే అంటే పచ్చిది తినే పని లేదు. ఎవరి తప్పు లేకుంట, ఎవరిని మోసం చెయ్యకుంట, పరీక్ష దానంతటదే అల్కగైపోయింది. సౌమ్యకు పాణం లేచొచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పాల్నంటే ఎగిరి గంతెయ్యబుద్ధయింది.

ఇగ చూడుండ్రి ఆమె హుషారు. బియ్యం ఎసరు జర తక్కువ పెట్టి వండింది, గంజి వంచలేదు. గిన్నె మూత పది నిమిషాలు తియ్యలేదు. సిర్కల చక్కెర, ఉప్పు వేసి గోరువెచ్చగ కరిగించింది. బువ్వను వెడల్పు తాంబాళంల పరిచి, సిర్కా చిలకరించి, చెక్క గంటెతోని అడ్డంగ కోస్తున్నట్టు కలుపుతాంది. మెదిపితే గింజ చెడిపోతది. కలుపుతుంటె విసరాలె, అప్పుడు బువ్వకు నిగనిగ వస్తది. చిలుకమ్మ ఊకుంటదా. గోడ మీది క్యాలెండర్ గుంజుకుని విసరవట్టింది. విసురుకుంట విసురుకుంట, ఏందే ఇది, పులిహోరనే గదా అన్నది. కాదన్నది సౌమ్య. మరి పోపు ఏదన్నది. పోపు ఉండదన్నది. పోపు లేని పులిహోర తిననీకె ఇమానం ఎక్కి పోవాల్నా అని చిలుకమ్మ కొడుకు దిక్కు చూసింది. ఉప్పలయ్య నవ్వు ఆపుకోలేక డాబా మీదికి పోయిండు.

గుడ్డు పల్చటి అట్టు పోసి సన్నగ తరిగింది. కీరదోస ముక్కలు చేసింది. పసుపు పట్టిన సాల్మన్‌ను పెనం మీద చిటికెడు నూనెల కాల్చి, పొరలు పొరలుగ విడదీసి బువ్వ మీద చల్లింది. నువ్వులు వేయించి జల్లింది. తెల్లటి బువ్వ, పచ్చటి కీర, పసుపు గుడ్డు, నడుమ బంగారం రంగుల చేప. చూడనీకె ఎంత బాగున్నదంటే పద్మలత డ్యూటీకి పోవుడు ఆపి ఫోటో తీసుకున్నది.

సౌమ్య పల్లెం నిండ పెట్టుకుని నాయినమ్మ ఎదురుంగ కూసున్నది. చిలుకమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, రెప్ప వేయకుంట చూస్తాంది. సౌమ్య తిన్నది. పులుపు, తీపి, చేప కమ్మదనం, అన్ని కుదిరినయి. మొఖం ఎందుకు ముడుస్తది? చివరి మెతుకు దాక ఊడ్చింది. ఉప్పలయ్య ఊపిరి వదిలి, జేబుల చెయ్యి పెట్టి కాయితం తీసిండు. మడతలు విప్పి తొడ మీద పెట్టుకుని సాపు చేస్తాండు.

ఆ దేశపోళ్లు గూడ ఇట్లనే తింటరా అని చిలుకమ్మ అడిగింది. ఆ, ఇట్లనే అన్నది సౌమ్య.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది నాయినమ్మా."

ఆ మాట బయటికొచ్చినంక సౌమ్యకే వినబడింది. అవే మాటలు, అదే గొంతు. హాస్టల్ వార్డెన్ రూముల, నల్లటి ఫోన్ చెవికి ఆనించుకుని, పన్నెండేండ్ల పిల్ల చెప్పిన మాట. ఎదురుంగ నాయినమ్మ కండ్లు మెల్లగ ఆమె నడుము దిక్కు పోయినయి. ముసలామె తలకాయ ఊపింది. సరే, ఇగ పో అనేటందుకు నోరు కదుపుతాంది. తండ్రి పెన్ను మూత తీసిండు.

ఇంకొక నిమిషం ఊకుంటే పని అయిపోయేది. సోమారం కాయితం ఇచ్చేసేది, చైత్రంల ఇమానం ఎక్కేది. ఈ పిల్ల ఊకుంటదా.

"ఆగు నాయినా, సంతకం పెట్టకు" అని లేచి కిందికి ఉరికింది.

వచ్చెటప్పుడు చేతిల రెండో ప్యాకెట్ ఉన్నది. చెయ్యి కడిగింది, కత్తిపీట వద్దని కొత్త చాకు తీసింది, పల్లెం వేడినీళ్లతోని కడిగి తుడిచింది. ప్యాకెట్ కోసి చేపను అడ్డంగ పల్చటి బిళ్లలు చేసింది. మిగిలిన బువ్వ మీద ఏడు బిళ్లలు పరిచింది. నిప్పు లేదు, నూనె లేదు, పసుపు లేదు. అప్పుడు చెప్పింది. ఆళ్లు తినేది ఇది నాయినమ్మా, ఇందాక నేను తిన్నది నువ్వు కడిగిన చేప, దాన్ని కాల్చి నీకు చూపించిన, అబద్ధం కాదు గని నిజం సుత కాదు అన్నది. ఇది ఇంతకుముందు ఎన్నడు తినలేదు అని సుత చెప్పింది. ఉప్పలయ్య బిత్తరపోయి తల్లిని చూసిండు. చిలుకమ్మ పైట కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది.

సౌమ్య ఒక బిళ్ల తీసి సోయా సాస్‌ల ముంచి నోట్ల పెట్టుకున్నది.

చల్లగ, మెత్తగ, జారుకుంట నాలుక మీద కూసున్నది. నమలబోతె పంటి కింద తెగుతలేదు, కరుగుతలేదు. గొంతు వద్దన్నది. మొఖం ముడుచుడు కాదు, నొసలు, ముక్కు, మూతి అన్ని ఒక్క తావుకు వచ్చినయి. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఉమ్మెయ్యబుద్ధయింది. ఉమ్మలేదు. రెండు చేతులు నేల మీద ఆనించి, కండ్లు మూసుకుని, మింగింది.

ఉప్పలయ్య పెన్ను మూత పెట్టిండు. కాయితం మల్ల మడత పెడ్తాండు, ఒకటి, రెండు. షరతు షరతే, ఆయనేం చేస్తడు.

సౌమ్య కండ్లు తుడుచుకోలేదు. నాయినమ్మ మొఖంలకు సూటిగ చూసి చెప్పింది. "బాగలేదు నాయినమ్మా. అస్సలు బాగలేదు. గని నేను తింట. ఇయ్యాల కాకుంటె రేపు అలవాటైతది. కాకుంటె కాల్చుకుని తింట, బువ్వల గుడ్డు వేసుకుని తింట. ఆకలి మాత్రం కడుపుల పెట్టుకుని కూసోను."

ఇంకొక బిళ్ల తీసి నోట్ల పెట్టుకున్నది. మొఖం మల్ల ముడుచుకున్నది. ఈసారి దాచుకునే యత్నం సుత చెయ్యలేదు.

చిలుకమ్మ మూతికడ్డం పెట్టిన కొంగు తీసింది. చెయ్యి చాపి మనుమరాలి చెంప మీది నీళ్లు బొటనవేలితోని తుడిచింది. ఆ వేలు ఇంకా పసుపుగనే ఉన్నది, సౌమ్య చెంపకు పసుపు గీత పడింది.

"హాస్టల్ల మూడు నెలలు మంచిగున్నదనే చెప్పినవు" అన్నది. "ఇందాకట్ల గూడ చెప్పినవు. నేను నమ్మలేదు, ఇగ పో అని ఊకున్న. పోనీయకుంటె తిట్టుకుంటవని. ఇప్పుడు బాగలేదన్నవు సూడు, పన్నెండేండ్ల సంది నీ నోట్ల కెల్లి ఈ మాట కోసమే చూస్తాన బిడ్డా."

సౌమ్య అప్పుడు ఏడ్చింది. చేప కోసం కాదు. నోట్ల ఇంకా సగం బిళ్ల ఉన్నది, అది నమలుకుంటనే ఏడ్చింది.

చిలుకమ్మ కొడుకు దిక్కు తిరిగి, మడతలు పెట్టుడు బంద్ చెయ్యి, సంతకం చెయ్యి అన్నది. మొఖం ముడిసింది గదనే అవ్వా అని ఉప్పలయ్య గులిగిండు. ముడిసినా తింటాంది, నీ కండ్లేం చేస్తానయ్ అని కసిరింది. ఆయన తొడ మీద కాయితం పెట్టి, నాలుక బయట పెట్టి, ఒక్కొక్క అక్షరం దిద్దుకుంట పేరు రాసిండు.

చిలుకమ్మ ఇంకొక షరతు పెట్టింది. ఐతారం ఐతారం ఫోన్ చెయ్యాలె. బాగుంటె బాగున్నదని, బాగలేకుంటె బాగలేదని చెప్పాలె. పసుపు కిలో కట్టిస్త, తీస్కపో, ఆళ్లకు చేప కడుగుడు రాదు అన్నది. తర్వాత తాంబాళంల మిగిలిన పుల్లటి బువ్వ, తను కడిగిన చేప ముక్కలు ఒక పల్లెంల పెట్టుకుని తినబట్టింది. పోపుంటె ఇంకా బాగుండు అని గులుక్కుంటనే మారు పెట్టుకున్నది.

సౌమ్య ముందర ఇంకా ఐదు బిళ్లలున్నయి. ఒక్కొక్కటి తిన్నది. ఆరోది జర నయం అనిపించింది. ఆ ముచ్చట సుత నాయినమ్మకు చెప్పింది.